తోడుబల్ల మీది చదువు

చన్నమ్మను పోయిన వారం గోదాం మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. చెంగు చాటున కాగితం ఉంది. వెనక్కి తిరిగి క్లాసుకు పోతుందా, ధైర్యం చేసి ప్రిన్సిపాల్ గదిలో అడుగు పెడుతుందా అని వారమంతా మీరు అనుకుని ఉంటారు. అడుగు పెట్టింది. అయితే ఆ సంగతి చెప్పే ముందు, ఈ వారమే పత్రిక చేతబట్టిన వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకోవాలి. పాత పాఠకులు విసుక్కోకండి.

నారాయణఖేడ్ గంజిలో, అంటే ధాన్యం బజారులో, శివలింగప్ప సావుకారుకు కందుల గోదాం ఉంది. ఆ గోదాం పైఅంతస్తులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ నడుస్తోంది. సావుకారు ఒక్కగానొక్క కూతురు నీలాంబిక అందులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మగపిల్లలు కూర్చునే క్లాసుకు ఆడపిల్లను ఒంటరిగా పంపరాదని ఆ ఊళ్లో కాస్త కలిగిన ఇళ్ల పట్టింపు. అందుకని పిల్లతో పాటు ఇంట్లోంచి ఒక తోడుమనిషి వస్తుంది. ముసలమ్మో, మేనత్తో, ఎవరో ఒకరు. నీలాంబికకు తోడు చన్నమ్మ. శివలింగప్పకు చనిపోయిన సొంత అన్న కూతురు. పదో తరగతి పాసయ్యాక నాగల్‌గిద్దలో ఇచ్చారు, కొన్నాళ్లకే భర్త జ్వరంతో పోయాడు, తిరిగి వచ్చి, తాను కాక అని పిలిచే ఈ బాబాయి ఇంటికి చేరింది. ఇరవై ఆరేళ్ల మనిషి, ఇంటెడు చాకిరీ చేస్తుంది, ఎదురు చెప్పదు, విధవరాలు. తోడుకు ఇంతకంటే అక్కరకొచ్చే మనిషి ఏ సావుకారుకు దొరుకుతుంది?

తోడు వచ్చేవాళ్ల కోసం క్లాసులో వెనక గోడకు ఆనించి ఒక బల్ల వేశారు. పిల్లలు దాన్ని తోడుబల్ల అంటారు. దాని మీద కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదు. దగ్గు వస్తే బయటికి పోయి దగ్గి రావాలి. ఊరికే కూర్చుంటే నిద్ర వస్తుంది కాబట్టి చేతికి ఏదో ఒక పని తెచ్చుకోవాలి. మొదట్లో చాటల్లో కందిపప్పు తెచ్చుకుని రాళ్లు ఏరేవాళ్లు. చాటల చప్పుడులో పాఠం వినపడటం లేదని ప్రిన్సిపాల్ మాన్పించాడు. అప్పటి నుంచి చన్నమ్మ దూది తెచ్చుకుని వత్తులు చేసేది. ఊళ్లోని మఠంలో వెలిగే దీపాలన్నీ ఆ వత్తులవే. చేతులకు పని పెట్టారు గానీ చెవులకు ఎవరూ ఏ పనీ పెట్టలేదు. అవి పాఠం విన్నాయి.

కాలేబు సార్ కాలేజీలో కొత్తగా చేరిన రోజుల్లో ఆమెను కూడా విద్యార్థిని అనుకుని లేపి ప్రశ్న అడిగాడు. క్లాసంతా నవ్వింది. చన్నమ్మ లేచి నిలబడి, తెలిసినంత చెప్పింది. ఇంకా పెళ్లి కాని ఆ కుర్ర లెక్చరరు నవ్వలేదు. మరునాటి నుంచి ఆమెకు కూడా ఒక తెల్లకాగితం ఇచ్చి పిల్లలతో పాటు పరీక్ష రాయించేవాడు. దిద్దేవాడు, మార్కులు వేసేవాడు, ఎక్కడా ఎక్కించేవాడు కాదు. ఎక్కించడానికి ఆమె పేరు ఎక్కడుంది?

రెండేళ్ల పరీక్షలూ కలిపి ప్రైవేటుగా రాయవచ్చని చెప్పింది కూడా ఆయనే. ఇంటర్ పాసైతే టీచర్ ట్రైనింగుకు పోవచ్చట. అక్కడ హాస్టలు ఉంటుందట. హాస్టలు అన్న మాట దగ్గర చన్నమ్మకు ప్రాణం లేచి వచ్చింది. కాక ఇంటి వంటగది కాని చోట, తన పెట్టె తన మంచం కింద పెట్టుకుని పడుకోవచ్చు. దరఖాస్తు నింపారు. ఇక ఒక్క కాగితమే మిగిలింది. గడచిన రెండేళ్లలో ఏ కాలేజీలోనూ క్లాసులకు హాజరు కాలేదని తాను రాసి ఇవ్వాలి, నిజమేనని ఒక ప్రిన్సిపాల్ సంతకం చేసి ముద్ర వేయాలి. చూశారా తమాషా? కూర్చున్న రెండేళ్లకు ఎవరూ విలువ కట్టరు. కూర్చున్నానని నోరు జారితే మాత్రం పరీక్షకు పనికిరాదు.

దరఖాస్తుకు రేపే ఆఖరు. కాలేబు సార్ మధ్యాహ్నం బస్సుకు సంగారెడ్డి పోయి స్వయంగా ఇచ్చి వస్తానన్నాడు. నీలాంబికను ఒక్క పీరియడు కనిపెట్టుకుని ఉండమని తోడుబల్ల మీది ముసలి భీమమ్మకు అప్పగించి, చన్నమ్మ ప్రిన్సిపాల్ గది గడప దాటింది.

"రా చన్నమ్మా. కాలేబు అంత చెప్పిండు" అన్నాడు ప్రిన్సిపాల్ మొగులప్ప. మంచివాడే. అందరి మంచీ కోరతాడు, ఎవరి కోసమూ మాట పడడు. "సంతకం పెట్టుడు పెద్ద పని గాదు. గని మీ కాకకు ఎర్క ఉన్నదా?"

చన్నమ్మ చెంగు చాటు కాగితం బయటికి తీసింది.

కిటికీ దగ్గర నిలబడ్డ కాలేబు సార్ అందుకున్నాడు. "ఆయనకు ఎర్క ఎందుకుండాలె సార్? ఆమె ఏమన్న చిన్నపోరా?"

"అది గాదయ్యా. రోజు నా కండ్ల ముంగట్నే మెట్లెక్కుతున్నది. రాలేదని నేనెట్ల రాయాలె?"

"హాజరు పట్టీ తెప్పియ్యుండ్రి. అండ్ల ఆమె పేరున్నదా? ఎవరన్న ఒక్కరోజు పిలిచిండ్రా? కాగితం మీద లేని మనిషి క్లాసుల లేనట్టే గద సార్."

తన మేలు కోరే అంటున్నాడని చన్నమ్మకు తెలుసు. అయినా ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. క్లాసులో లేనట్టే. మరి పొద్దున్నే లేచి, అంట్లు తోమి, రొట్టెలు కొట్టి, ఉరుకులు పరుగులతో వచ్చి కూర్చున్నది ఎవరు? ఆ కూర్చున్న గంటలే ఆమె బతుకులో ఆమెవి. మిగతావన్నీ కాక ఇంటివి. ఇప్పుడు ఆ గంటల్నే తుడిచేసుకుంటే తప్ప ముందుకు దారి లేదు. సరే, తుడిచేస్తాను అనుకుంది. గతంతో ఏం పని, దారి దొరికితే చాలు.

"తే గా కాగితం" అన్నాడు మొగులప్ప చివరికి. "గీ పాపం నీదే కాలేబూ, నాకు సంబంధం లేదు." కలం మూత తీశాడు. చన్నమ్మ కాగితాన్ని బల్ల మీద పరిచి, ముడతలు చేత్తో సవరించింది.

అప్పుడే కింద గోదాంలో హమాలీల అరుపులు ఆగిపోయాయి. సావుకారు వచ్చినప్పుడు తప్ప అవి ఆగవు. మెట్ల మీద చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. శివలింగప్ప ఒక్కడే కాదు, వెంట నుదుట మూడు విభూతి రేఖలతో, తలకు తెల్లటి రుమాలు చుట్టిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. చన్నమ్మ ఆయన్ను చూడగానే గుర్తుపట్టింది. పోయిన సోమవారం ఆయనకు రొట్టె వడ్డించింది తానే. భాల్కి నుంచి వచ్చిన పంచాక్షరి. నీలాంబికకు వచ్చిన సంబంధంలో పిల్లవాడి పెదనాన్న. ఆయన ఊ అంటేనే అక్కడ ఏ పనైనా అవుతుంది.

"నమస్తే సార్. వీరు మా కాబోయే వియ్యంకులు" అని శివలింగప్ప కుర్చీ లాగాడు. అప్పుడు చన్నమ్మ మీద చూపు పడింది. "నువ్వీడ ఏం జేస్తున్నవే? నీల ఏది?"

"క్లాసుల ఉన్నది కాకా. భీమమ్మ ఉన్నది."

"భీమమ్మా? గామెకు కండ్లు అగుపడయి, చెవులు వినపడయి. ఇదేనా నీ తోడు?"

పెద్దమనిషి ముందు గొంతు పెంచడం బాగుండదని కాబోలు, అంతటితో వదిలేసి ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. పంచాక్షరి గొంతు సవరించుకున్నాడు. కన్నడ యాస కలిసిన తెలుగు.

"చూడుండ్రి సారూ. పిల్ల మాకు పసంద్ ఉన్నది. పిల్లగాడు బీదర్ల బ్యాంకుల నౌకరి చేస్తుండు. సదువుకున్న పిల్లే కావాలె అంటుండు. మా తమ్ముడే, పిల్లగాని నాయ్న, జర పాతకాలపోడు. మొగపోరలతోని కలిసి సదివిన పిల్ల, రేపు మంది నాలుగు మాటలంటే ఏం చెయ్యాలె అని పరేషాన్ అయితుండు. శివలింగప్ప చెప్పిండు, మా పిల్ల ఒక్కనాడు గూడ ఒంటరిగ పోలేదు, మా అన్నబిడ్డ పక్కపొంటి కూసున్నదని."

"హౌదు హౌదు" అని తలూపాడు శివలింగప్ప. "గీ సారునే అడుగుండ్రి."

"నోటిమాట నాకు చాలు. మా తమ్మునికి చాలది. గందుకే, సారూ, జర రెండు లైన్లు రాసియ్యుండ్రి. గీ అమ్మ రోజు క్లాసుల ఉన్నదని. ముద్ర కొట్టుండ్రి. నేను భాల్కిల వాని ముంగట పెడ్త. ఆ తెల్లారే తాంబూలాలు."

మొగులప్ప కలం పట్టుకున్న చేయి గాలిలోనే ఉండిపోయింది. బల్ల మీద ఒక కాగితం ఆమె ఏ క్లాసుకూ రాలేదని చెబుతోంది. ఇప్పుడు రాయమంటున్న కాగితం ఆమె ప్రతిరోజూ వచ్చిందని చెప్పాలి. ఒకే కలం, ఒకే ముద్ర, ఒకే మనిషి సంతకం. ఆయన కాలేబు సార్ వైపు చూశాడు. ఇంతసేపూ గలగలా వాదించిన కాలేబు సార్ కిటికీ బయటికి చూస్తున్నాడు.

శివలింగప్ప పిచ్చివాడు కాదు. గంజిలో ఎదుటివాడి ముఖం చూసి బేరం పసిగట్టే మనిషి. ప్రిన్సిపాల్ మోచేతి కింది కాగితాన్ని మెల్లగా లాగాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"ఏంది గిది?"

"ప్రైవేటుగ పరీక్ష రాస్త కాకా."

"ఎవ్వర్ని అడిగి?"

"నిన్ను అడిగిన. నిరుడు అడిగిన. వచ్చే ఏడు చూద్దాం అన్నవు."

"అన్న. వచ్చే ఏడు రాలేదింక. నీల పెండ్లి గానీ. పెండ్లయినంక నీ ఇష్టం వచ్చిన పరీక్షలు రాసుకో, నేను అడ్డమొస్తనా?"

"నీల పెండ్లయినంక నన్ను ఈ మెట్లెవరు ఎక్కనిస్తరు? నీల ఉంటేనే నేను తోడు. నీల పోతే నేను వంటింట్లకు పోత."

ఆ మాటకు శివలింగప్ప ముఖం ఎర్రబడింది. ఇంతకాలం నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాడు. బయటివాడి ముందు, అందులోనూ వియ్యంకుడి ముందు ఇంటి గుట్టు ఇలా బయట పడేస్తుందని కలలో కూడా అనుకోలేదు. లోపల మండుతున్నా నెమ్మదిగా మాట్లాడాడు. ఆ నెమ్మదే చన్నమ్మకు ఎక్కువ భయం.

"చూడు చన్నీ. కోపంతోని చెప్తలేను. నువ్వు ఏ క్లాసుకు రాలేదని గీ సారు ముద్ర కొడితే, దాని మతలబు ఏంది? నా బిడ్డ రెండేండ్లు మొగపోరల నడుమ ఒక్కతే కూసున్నదని గాదా? రేపు గీ కాగితం ఎవని చేతులకన్న పోతే మన ఇజ్జత్ ఏం గావాలె? నువ్వు నిన్న రాత్రి గూడ దానికి తల దువ్వినవు. దాని గొంతు ఎట్ల కోస్తవే?"

అదీ ఆయన నేర్పు. నిన్ను రాయనివ్వను అనడు. నీ చెల్లెలి గొంతు కోస్తావా అంటాడు. చన్నమ్మకు నీలాంబిక అంటే ప్రాణం. ఆ ప్రాణం ఎక్కడ పట్టుకుంటే నొస్తుందో ఆయనకు తెలుసు.

"నా గొంతు సంగతేంది కాకా?" అంది చన్నమ్మ. "రెండేండ్లు కూసున్న. ఏ సారూ పట్టీ తెరిచి నా పేరు పిలువలే. అందరు ఎస్ సార్ అంటుంటే నేను లోపల్లోపల అనుకున్న. నా నోటు పుస్తకం నీల పాత పుస్తకాలల్ల మిగిలిన కాగితాలు. నేను మీకేం ఖర్చు పెట్టియ్యలే. ఒక్క సంతకం అడుగుతున్న. నేను లేననే రాయమంటున్న. నన్ను ఎప్పుడన్న ఉన్నట్టు చూసిండ్రా మీరు? రాలేదని రాసుడు మీకు కష్టమెందుకు?"

మొగులప్ప కలానికి మూత పెట్టి, మళ్లీ తీశాడు. తనకు ఈ ఉద్యోగం ఎందుకొచ్చిందా అనుకుని ఉంటాడు. కాలేజీ ఉన్న మేడ ఎవరిదో గుర్తొచ్చి ఉంటుంది. పాపం, ఆయన్ను తప్పుపట్టి మాత్రం ఏం లాభం?

పంచాక్షరి అప్పటిదాకా చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని వింటున్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు. "ఆగు శివలింగప్పా. నువ్వు మాట్లాడకు. సారును ఎందుకు ఇబ్బంది పెడుతవు? ఎవరు వచ్చిండ్రో వాళ్లనే అడుగుదాం." చన్నమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవ్వా. నువ్వు మా పిల్లకు తోడుగ రోజు క్లాసుల కూసున్నవా లేదా? నువ్వు ఏది చెప్తె గదే నేను భాల్కిల చెప్త."

ఇంతవరకు ఎవరూ చన్నమ్మను నీ మాటేమిటని అడగలేదు. చెప్పారు, తిట్టారు, బుజ్జగించారు. అడిగింది ఈ పరాయి మనిషి ఒక్కడే. ఆమె చెప్పిందే చెల్లుతుందట. చన్నమ్మ ఒక్క క్షణం కాలేబు సార్ వైపు చూసింది. చెప్పండి సార్, నాకు ఆసరాగా ఒక్క మాటైనా అనండి అన్నట్టు చూసింది. ఆయన ఇంకా కిటికీ బయటికే చూస్తున్నాడు.

నీలాంబిక ముఖం కళ్ల ముందు మెదిలింది. బీదర్ పిల్లవాడి ఫొటో పుస్తకంలో దాచుకుని రోజుకు పదిసార్లు తీసి చూసుకునే పిచ్చిపిల్ల. ఆ వెంటనే వంటగది మెదిలింది, పొయ్యి మెదిలింది, ముప్పై ఏళ్లకు, నలభై ఏళ్లకు అదే పొయ్యి ముందు కూర్చున్న తాను మెదిలింది.

"రాలే" అంది చన్నమ్మ.

"ఏందీ?"

"నేను క్లాసులకు రాలే. ఇందాక కూసున్న అన్నది కోపంల అన్న మాట. గేటు కాడ దింపి పోయేదాన్ని."

ఈ మాట అన్నందుకు ఆమెను తిట్టుకునే పాఠకులు ఉంటారని నాకు తెలుసు. తిట్టుకోండి. తన రెండేళ్లను తన నోటితోనే లేవని అనాల్సి వచ్చిన మనిషికి మీ తిట్లు ఒక లెక్క కాదు. ఆ మాట అంటుంటే కన్నబిడ్డను తనది కాదని చెప్పినట్టయింది ఆమెకు.

శివలింగప్ప చేయి లేచింది. పంచాక్షరి కర్ర అడ్డం పెట్టాడు. "పిల్లను పిలువుండ్రి" అన్నాడు పొడిగా. అటెండరు పోయి నీలాంబికను తీసుకొచ్చాడు. గడప దగ్గరే ఆగిపోయింది ఆ పిల్ల. నాన్న, కాబోయే పెదమామ, సార్లు, అక్క. అందరూ ఒకే గదిలో. ఏం జరిగిందో శివలింగప్ప రెండు ముక్కల్లో చెప్పాడు.

"చెప్పు బిడ్డా. మీ అక్క క్లాసుల కూసున్నదా, గేటు కాడికెల్లి ఎల్లిపోయిందా?"

నీలాంబిక అక్క ముఖంలోకి చూసింది. చన్నమ్మ కళ్లతోనే బతిమాలింది. పిల్ల తెలివి తక్కువది కాదు. అక్క ఏం కోరుతోందో క్షణంలో అర్థమైంది. అర్థమయ్యాక కళ్లలో నీళ్లు తిరిగాయి. చన్నమ్మ గుండె కుదుటపడింది. నా చెల్లెలు నా పక్షమే అనుకుంది.

"కూసున్నది నాయ్నా" అంది నీలాంబిక ఏడుస్తూ. "ఒక్కరోజు నాగా పెట్టలే. ఎప్పుడు నా ఎనకనే కూసున్నది. మా అందరికన్న మంచిగ సదివింది. కాలేబు సార్ పరీక్ష పెడితే మస్తు మార్కులు అక్కకే వస్తయి. అక్క కూసున్న సంగతి కాలేజి మొత్తానికి ఎర్క. అక్క అబద్ధం చెప్తున్నది. నా పెండ్లి చెడగొట్టకు అక్కా, నీ కాళ్లు మొక్కుత."

తనను మంచిగా చదివిందని నలుగురి ముందు ఒకరు అనడం చన్నమ్మ బతుకులో ఇదే మొదటిసారి. ఆ మాటతోనే అంతా అయిపోయింది. మొగులప్ప ఊపిరి పీల్చుకుని ఆమె కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు. తెల్లకాగితం ముందుకు లాక్కుని, పంచాక్షరి అడిగిన రెండు లైన్లు రాయడం మొదలుపెట్టాడు. శ్రీమతి చన్నమ్మ ఈ కళాశాలలో ప్రతిరోజూ తరగతులకు హాజరై అని రాస్తున్నాడు. కాలేజీ కాగితం మీద ఆమె పేరు ఎక్కడం కూడా అదే మొదలు.

"ముద్ర కొట్టుండ్రి" అన్నాడు పంచాక్షరి తృప్తిగా. "పిల్ల నిజం చెప్పింది. గట్లుండాలె."

నిజం అన్న మాట చన్నమ్మ చెవిన పడింది. చిన్నప్పటి నుంచి దిగమింగిందంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. ఒక సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మెడలో లింగం ముట్టుకుని చెల్లెలికి ప్రమాణం చేసింది, చచ్చినా చెప్పనని. చెప్పినందువల్ల తన కాగితం మీద సంతకం పడదు. పరీక్ష రాదు, హాస్టలూ రాదు. తనకు ఒరిగేది ఏమీ లేదు. అయినా చెప్పింది. తాను మునిగిపోతున్నప్పుడు ఒడ్డున ఇంకొకరికి తాంబూలాలు ఇస్తుంటే చూస్తూ ఊరుకునే మంచితనం ఆ పూట ఆమెలో మిగల్లేదు.

"నీలా, నిజం చెప్పినవు. మంచిది. ఇగ మిగిలింది గూడ చెప్పు."

"అక్కా..."

"ఒక్కరోజు నాగా పెట్టలేదంటివి. కాకా చిన్నమ్మా శ్రీశైలం పోయిన వారం నేను చలిజ్వరంతోని మంచం దిగలే. ఆ వారమంత నీ వెంట తోడు ఎవరొచ్చిండ్రు? కాలేజి పగలే బందయితది. నువ్వు పొద్దుగూకినంక ఇల్లు జేరినవు. అంతసేపు ఏడున్నవు? ఎవరితోని ఉన్నవు?"

ముద్ర పట్టుకున్న మొగులప్ప చేయి ఆగింది. శివలింగప్ప కుర్చీలో కూలబడ్డాడు. పంచాక్షరి కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని పిల్ల ముఖంలోకి గుచ్చిగుచ్చి చూశాడు. "మాట్లాడు పిల్లా" అన్నాడు.

నీలాంబిక దిక్కుతోచక తల తిప్పి, కిటికీ దగ్గర నిలబడ్డ కాలేబు సార్ వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు.

వేసిన ప్రశ్నకు జవాబు అంతవరకు చన్నమ్మకే నిజంగా తెలియదు. స్నేహితురాలి ఇంటికో, సినిమాకో పోయి ఉంటుందనుకుంది. చెల్లెలు చెప్పవద్దంది, తాను మానేసింది, అంతే. ఇప్పుడు ఆ చూపుతో తెలిసింది. తెలిసిన మరుక్షణం, అడగకుండానే ఇంకోటి తెలియడం మొదలైంది. తోడుబల్ల మీద వత్తులు చేసేటప్పుడు ఆమె కళ్లు క్లాసంతా తిరిగేవి. ఆయన కాగితం చేతికిచ్చి, తల ఎత్తకుండా రాయాలె అని చెప్పినప్పటి నుంచి ఆ కళ్లు కాగితం దాటి పోలేదు. ఆ గంటల్లో ఆ గదిలో ఎవరు ఎవరిని చూశారో ఆమె చూడలేదు.

తన రెండేళ్లూ లేవని ఇందాక తానే చెప్పింది. అవి నిజంగానే లేవేమో.

చెంగు జారిపోతున్నా సర్దుకోకుండా ఆమె కిటికీ వైపు నడిచింది. కాక ఏదో అరుస్తున్నాడు, నీలాంబిక ఏడుస్తోంది. కాలేబు సార్ ఎదురుగా నిలబడి అడిగింది.

"సార్, నాకు సదువెందుకు చెప్పినవు?"